తెలుగు వ్యవసాయ పత్రాల్లో అర్థాన్ని పట్టి వెతకడం: ఎందుకు, ఎలా

"వరి అక్కడక్కడ గుండ్రంగా ఎండిపోతోంది, ఏం కొట్టమంటారు?" అని రైతు అడుగుతాడు. దానికి సమాధానం ఉన్న కరపత్రం పేరు "సుడిదోమ యాజమాన్యం". పిల్ల, తల్లి పురుగులు దుబ్బు మొదళ్ల వద్ద చేరి రసం పీల్చడం వలన పైరు సుడులు సుడులుగా ఎండిపోతుందని అందులో రాసి ఉంటుంది. అదే పురుగు చేసే నష్టాన్ని మరో కరపత్రం దోమపోటు అంటుంది. రైతు మాటలో సుడి లేదు, దోమ లేదు. కరపత్రంలో "గుండ్రంగా" అన్న మాట లేదు. పదాన్ని పట్టుకొని వెతికే యంత్రానికి ఈ రెండింటి మధ్య కనిపించే చుట్టరికం "వరి" ఒక్కటే, ఆ మాటేమో సేకరణలోని లెక్కలేనన్ని పేజీల్లో ఉంటుంది. కనుక సమాధానం చేతిలో ఉండి కూడా రైతుకు చేరదు.

ఒక రైతు ఉత్పత్తిదారుల సంఘమో, గ్రామ గ్రంథాలయమో, కొందరు స్వచ్ఛంద కార్యకర్తలో కొన్ని వందల కరపత్రాలను, పాత వ్యవసాయ పంచాంగాలను కంప్యూటర్‌లో చేర్చుకొని, వాటిలో అర్థాన్ని బట్టి వెతికే ఏర్పాటు చేసుకోవాలంటే ఏం చేయాలో ఈ వ్యాసం వివరిస్తుంది. పైథాన్ కొద్దిగా తెలిసినవారు ఒకరు తోడుంటే చాలు. ఇక్కడ వ్యవసాయాన్ని ఉదాహరణగా తీసుకున్నాను గానీ, భూమి రికార్డులకైనా ఆరోగ్య పత్రాలకైనా పద్ధతి ఇదే.

పదశోధన ఎక్కడ తప్పుతుంది

ఈ లోపం తెలుగుకు మాత్రమే పరిమితం కాదు. డేవిడ్ బ్లెయిర్, ఎం. ఇ. మారన్ అనే ఇద్దరు పరిశోధకులు 1985లో అమెరికాలో ఒక పెద్ద దావాకు సంబంధించిన సుమారు 40,000 పత్రాల మీద జరిగిన వెతుకులాటను పరీక్షించారు. తమకు కావలసిన పత్రాల్లో కనీసం 75 శాతం దొరికాయని న్యాయవాదులు నమ్మారు. నిజానికి దొరికినవి సగటున 20 శాతమే. ఒక పక్షం వారు "ప్రమాదం" అని రాసినదాన్నే రెండో పక్షం వారు తమ ఉత్తరాల్లో "సంఘటన" అనీ "పరిస్థితి" అనీ "సమస్య" అనీ రాసుకున్నారు. ఇందులో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఆ 20 శాతం కాదు, దొరకనివి ఉన్నాయన్న సంగతే వెతికినవారికి తెలియకపోవడం. 1987లో జార్జ్ ఫర్నాస్, ఆయన సహచరులు చేసిన పరిశీలనలో ఇద్దరు మనుషులు ఒకే విషయానికి తమంతట తాము ఒకే మాట ఎంచుకొనే అవకాశం 20 శాతం కంటే తక్కువని తేలింది.

తెలుగులో ఈ దూరం ఇంకా పెరుగుతుంది, దానికి మూడు కారణాలున్నాయి. మొదటిది ప్రాంతం: వేరుశనగను తెలంగాణలో పల్లి అంటారు, రాయలసీమలో చెనక్కాయ అనీ బుడ్డలు అనీ అంటారు; మొక్కజొన్న తెలంగాణలో మక్క అవుతుంది. రెండోది పదరూపం: తెగులు అన్న ఒక్క మాట తెగులుకు, తెగుళ్లు, తెగుళ్ల, తెగుళ్లను అని మారుతూ పోతుంది, అక్షరాలను మాత్రమే పోల్చే యంత్రానికి ఇవన్నీ వేర్వేరు పదాలు. మూడోది వర్ణక్రమం: ఒకరు "తెగుళ్లు" అని, ఇంకొకరు "తెగుళ్ళు" అని రాస్తారు, రెండూ చెల్లుతాయి. వీటికి తోడు ఒకే మాటకు రెండు అర్థాలుండడం కూడా ఉంది. బొబ్బర్లు అంటే అలసందలు. మిరపలో బొబ్బర తెగులు అంటే ఆకులు ముడుచుకుపోయే వైరస్ తెగులు. "బొబ్బర" అని మొదటి అక్షరాలతో వెతికినవారికి అలసంద సాగు గురించిన పేజీలూ మిరప పేజీలూ కలిసి వస్తాయి.

అర్థశోధన ఏం చేస్తుంది

అర్థశోధనలో ప్రతి వాక్యసముదాయాన్నీ, అంటే ప్రతి ఖండికనూ, ఒక భాషా మోడల్ వందలాది అంకెల వరుసగా మారుస్తుంది. ఆ వరుసను వెక్టర్ అంటారు, ఇలా మార్చే పనిని ఎంబెడింగ్ అంటారు. ఒకే సంగతి చెప్పే వాక్యాలు మాటలు వేరైనా దగ్గరి వెక్టర్లుగా పడేలా ఆ మోడల్‌కు ముందే శిక్షణ ఇచ్చి ఉంటారు. రైతు ప్రశ్నను కూడా వెక్టర్‌గా మార్చి, దానికి అతి దగ్గరగా ఉన్న ఖండికలను తీసి చూపిస్తే అదే అర్థశోధన. ఈ ఆలోచన 1990 నాటి సుప్త అర్థ సూచికల్లోనే ఉన్నా, 2018లో బెర్ట్, 2019లో సెంటెన్స్ బెర్ట్ అనే భాషా మోడళ్లు వచ్చిన తరువాతే సామాన్యులు వాడుకోగల స్థాయికి చేరింది.

దీనివల్ల కలిగే ప్రధాన లాభం, అడిగేవారు పత్రం రాసినవారి పరిభాషను ముందుగా నేర్చుకోనవసరం లేకపోవడం. "వెన్నులు తెల్లగా వచ్చి అన్నీ తాలే పోతున్నాయి" అని లక్షణం చెబితే కాండం తొలిచే పురుగు గురించిన ఖండిక పైకి రాగలదు, ఎందుకంటే ఆ ఖండికలో తెల్లకంకి వివరణ ఉంటుంది. బహుభాషా మోడల్ అయితే తెలుగులో అడిగిన ప్రశ్నకు ఇంగ్లీషు పత్రంలోని సమాధానాన్ని కూడా అందుకోగలదు. తెలుగులో పత్రాలు తక్కువగా ఉన్న పంటల విషయంలో ఇది చాలా విలువైన సంగతి.

మొదటి పని: పాఠాన్ని శుభ్రం చేయడం

సగం శ్రమ ఇక్కడే ఉంటుంది, దీన్ని తొందరపడి దాటవేస్తే తరువాత చేసినదంతా వృథా అవుతుంది. పాత తెలుగు పీడీఎఫ్‌లలో చాలావాటిని యూనికోడ్ కాని ఫాంట్లతో కూర్చారు. తెర మీద చక్కని తెలుగే కనిపిస్తుంది గానీ, దాన్ని నకలు చేసి వేరే చోట అతికిస్తే అర్థం లేని గుర్తులు వస్తాయి. కనుక ప్రతి పీడీఎఫ్ నుంచి రెండు పంక్తులు నకలు చేసి చూడండి. తెలుగు రాకపోతే ఆ ఫాంటుకు తగిన మార్పిడి సాధనం వాడాలి, లేదా పేజీని బొమ్మగా తీసుకొని టెస్సరాక్ట్ వంటి ఓసీఆర్‌తో, అంటే బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టే సాధనంతో, చదివించాలి. ఓసీఆర్ రెండు వరుసల పేజీలను, మోతాదుల పట్టికలను కలగాపులగం చేస్తుంది. ఒక మందు పక్కన ఇంకో మందు మోతాదు చేరితే ఆ తప్పు పొలంలోకి వెళుతుంది. అందుకే పట్టికలను మాత్రం మనిషి కళ్లతో సరిచూడాలని గట్టిగా చెబుతున్నాను.

యూనికోడ్ పాఠంలో కూడా రెండు చిక్కులుంటాయి. ఐత్వం ఒకే కోడుగా ఉండవచ్చు, లేదా ఎత్వమూ దాని కింది గుర్తూ రెండు కోడ్లుగా ఉండవచ్చు. కంటికి రెండూ ఒకటే. పాఠమంతటినీ ఎన్‌ఎఫ్‌సీ అనే యూనికోడ్ ప్రామాణిక రూపంలోకి మార్చితే ఇవి ఏకమవుతాయి. పొల్లు తరువాత వచ్చే అక్షరం ఒత్తుగా మారకుండా ఆపే కనిపించని గుర్తు, అంటే జీరో విడ్త్ నాన్ జాయినర్, కొందరు పెడతారు, కొందరు పెట్టరు. చూపించే పాఠంలో దాన్ని ఉంచి, వెతకడానికి వాడే పాఠంలో మాత్రం తొలగించండి. "ళ్ళ"ను "ళ్ల"గా మార్చే చిన్న నియమం కూడా ఇక్కడే చేర్చుకోవచ్చు.

రెండో పని: ఖండికలుగా విడగొట్టడం

కరపత్రాన్ని మొత్తంగా ఒకే వెక్టర్ చేస్తే అందులోని పది సంగతులు కలిసి దేనికీ దగ్గర కాకుండా పోతాయి. ఒక్కో వాక్యాన్ని విడదీస్తే "ఇది ఆశించినప్పుడు వెంటనే నీటిని తీసివేయాలి" వంటి వాక్యంలో "ఇది" ఏదో తెలియకుండా పోతుంది. ఒక పురుగు లేదా తెగులుకు సంబంధించిన లక్షణాలు, అనుకూల పరిస్థితులు, నివారణ అన్నీ ఒకే ఖండికలో ఉండేలా కోయడం వ్యవసాయ పత్రాలకు సరిపోతుంది. లక్షణం ఒక ఖండికలో, మోతాదు ఇంకో ఖండికలో పడకూడదు. ప్రతి ఖండిక తలమీద పంట పేరు, తెగులు పేరు, పత్రం పేరు, ప్రచురించిన సంవత్సరం ఒక పంక్తిగా చేర్చి ఆ తరువాతే ఎంబెడింగ్ చేయండి. ఇంత చిన్న మార్పు ఫలితాలను ఎంత మెరుగుపరుస్తుందో పోల్చి చూసినవారికే తెలుస్తుంది.

ఖండిక పొడవు విషయంలో తెలుగువారు ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. మోడళ్లు పాఠాన్ని టోకెన్లనే చిన్న తునకలుగా చేసి చదువుతాయి, తెలుగు పదం ఇంగ్లీషు పదం కంటే సాధారణంగా ఎక్కువ తునకలవుతుంది. ఈ5 (E5) అనే కుటుంబపు బహుభాషా మోడళ్లు 512 టోకెన్ల వరకే చదువుతాయి. అంతకు మించిన భాగాన్ని ఏ హెచ్చరికా లేకుండా వదిలేయడం జరుగుతుంది. నివారణ చర్యలు సాధారణంగా ఖండిక చివర్లో ఉంటాయి కాబట్టి వదిలివేతకు గురయ్యేవి అవే. ఆ మోడల్‌తో వచ్చే టోకెనైజర్‌తోనే, అంటే పాఠాన్ని టోకెన్లుగా చేసే సాధనంతోనే, ప్రతి ఖండికనూ లెక్కపెట్టి, పరిమితి దాటినవాటిని మళ్లీ కోయండి.

మూడో పని: మోడల్‌ను ఎంచుకోవడం

తెలుగు తెలిసిన ఉచిత మోడళ్లు ఇప్పుడు చాలానే ఉన్నాయి. 109 భాషలకు తయారైన లాబ్‌సే ఒక భాషలోని వాక్యానికి మరో భాషలో సరిజోడు వెతకడంలో దిట్ట, ప్రశ్నకు సమాధానం వెతకడానికి మాత్రం నేను దాన్ని మొదట తీసుకోను. దానికి ఈ5 బహుభాషా మోడళ్లు, 2024లో వచ్చిన బీజీఈ ఎం3 ఎక్కువ తగినవి. బీజీఈ ఎం3 8,192 టోకెన్ల వరకు చదువుతుంది కనుక పొడవు బెంగ తగ్గుతుంది. ఈ5 వాడేవారు ప్రశ్న ముందు "క్వెరీ", ఖండిక ముందు "పాసేజ్" అన్న గుర్తుమాటలను ఇంగ్లీషు అక్షరాల్లో, వాటి పక్కన రెండు చుక్కలతో చేర్చాలి. చేర్చకపోతే ఫలితాలు తగ్గుతాయి.

ప్రత్యేక డేటాబేస్ కొనవలసిన అవసరం మొదట్లో ఉండదు. 1,024 అంకెల వెక్టర్ ఒకటి, అంకెకు 4 బైట్ల చొప్పున, 4,096 బైట్లు తీసుకుంటుంది. పదివేల ఖండికలకు కలిపి దాదాపు 41 మెగాబైట్లే. ఇంత చిన్న సేకరణను సాధారణ కంప్యూటర్ ప్రతి ప్రశ్నకూ మొత్తంగా పోల్చి చూసినా ఆలస్యం కాదు. సేకరణ లక్షల ఖండికలకు పెరిగిన రోజున ఫెయిస్, పీజీవెక్టర్ వంటి వెక్టర్లను వేగంగా వెతికే సాధనాల గురించి ఆలోచించవచ్చు.

నాలుగో పని: పదశోధనను వదలకుండా జతచేయడం

అర్థశోధన గొప్పదని చెబుతూనే ఈ మాట చెప్పక తప్పదు: దాన్ని ఒంటరిగా రైతు ముందు పెట్టకూడదు. ఎంటీయూ 1010, ఎంటీయూ 1001 రెండు వేర్వేరు వరి రకాలు. మొదటిది కాటన్ దొర సన్నాలు, రెండోది విజేత. అర్థశోధనకు ఈ రెండు పేర్లూ దాదాపు ఒకే చోట కనిపిస్తాయి, ఒకదాని పంటకాలం అడిగితే ఇంకొకదానిది చూపించవచ్చు. సంకేతాలు, అంకెలు, మందుల పేర్లు ఉన్నచోట పదశోధనే నమ్మదగినది. ఎం.టి.యు., యం.టి.యు., ఎంటీయూ అని నానారకాలుగా రాసినవాటిని ముందే ఒక రూపానికి తేవడం మరవకండి.

ఇంతకంటే ప్రమాదకరమైన ఉదాహరణ మిరపలో ఉంది. తామర పురుగులు ఆశిస్తే ఆకులు అంచుల వెంట పైకి ముడుచుకుంటాయి, దీన్ని పై ముడత అంటారు. తెల్లనల్లి ఆశిస్తే ఆకులు తిరగేసిన పడవలా కిందికి ముడుచుకుంటాయి, అది కింది ముడత. ఒకటి పురుగు, రెండోది నల్లి. ఒకదానికి పనిచేసే మందు రెండోదానికి పనిచేయాలని లేదు. అయితే "ఆకులు పైకి ముడుచుకుంటున్నాయి", "ఆకులు కిందికి ముడుచుకుంటున్నాయి" అన్న రెండు వాక్యాలూ ఒక్క మాట తప్ప అన్నిటా ఒకటే కనుక వాటి వెక్టర్లు పక్కపక్కనే పడతాయి. "రసాయనాలు లేకుండా" అన్న ప్రశ్నలోని "లేకుండా"ను కూడా ఈ మోడళ్లు తరచు పట్టించుకోవు. ఇలాంటి చోట్ల రెండు ఖండికలనూ పక్కపక్కన చూపించి, తేడా ఎక్కడుందో రైతే ఆకు చూసి పోల్చుకొనేలా చేయడం మేలు.

పదశోధనకు బీఎం25 పద్ధతి చాలు. ప్రశ్నలోని పదాలు ఖండికలో ఎన్నిసార్లు వచ్చాయో, అవి సేకరణలో ఎంత అరుదో లెక్కించి అది వరుస పెడుతుంది. విభక్తి ప్రత్యయాల చిక్కును తగ్గించడానికి పదాలతోపాటు మూడేసి, నాలుగేసి అక్షరాల తునకలను కూడా సూచికలో చేర్చవచ్చు. రెండు శోధనల ఫలితాలను కలపడానికి 2009లో ప్రతిపాదించిన ఆర్‌ఆర్‌ఎఫ్ అనే సులువైన లెక్క ఉంది. ఒక ఖండిక ఒక్కో జాబితాలో ఎన్నో స్థానంలో ఉందో చూసి, ఆ స్థానానికి 60 కలిపి, 1ని దానితో భాగించి, వచ్చినవాటిని కూడాలి. పదశోధనలో 3వ స్థానం, అర్థశోధనలో 1వ స్థానం వచ్చిన ఖండికకు 1/63, 1/61 కలిపి సుమారు 0.0323 వస్తుంది, పదశోధనలో మాత్రమే 1వ స్థానం వచ్చినదానికి 0.0164 వస్తుంది. రెండు పద్ధతులూ ఒప్పుకొన్న ఖండిక సహజంగానే పైకి చేరుతుంది. పైన వచ్చిన 30 ఖండికలను బీజీఈ బహుభాషా రీర్యాంకర్ వంటి మోడల్‌కు ఇచ్చి ప్రశ్నతో కలిపి మళ్లీ చదివిస్తే వరుస ఇంకొంత సరిపడుతుంది గానీ, పాత కంప్యూటర్లలో ఇది నెమ్మదిస్తుంది.

మోడళ్లు ఎక్కువగా అంతర్జాలంలోని తెలుగును చదివి నేర్చుకున్నవి. పొలం గట్టు మీది తెలుగు అక్కడ తక్కువగా ఉంటుంది కనుక చెనక్కాయ, బుడ్డలు, మక్క వంటి మాటలను అవి ఎప్పుడూ సరిగ్గా పోల్చుకుంటాయని అనుకోకూడదు. ఒక చిన్న పర్యాయపదాల పట్టిక తయారుచేసి, ప్రశ్నలో "చెనక్కాయ" వస్తే "వేరుశనగ"ను కూడా చేర్చేలా ఏర్పాటు చేయండి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు టైపు చేసేవారి ప్రశ్నలను ముందుగా తెలుగు లిపిలోకి మార్చాలి. ఏఐ4భారత్ వారి ఇండిక్ఎక్స్‌లిట్ దానికి పనికొస్తుంది.

ఐదో పని: కాలాన్ని, లేమిని గుర్తించడం

అర్థశోధనకు కాలం తెలియదు. ఎండోసల్ఫాన్ తయారీ, అమ్మకం, వాడకాలను సుప్రీంకోర్టు 2011 మేలో దేశమంతటా నిలిపివేసింది. అంతకు ముందటి కరపత్రాల్లో ఆ మందును సిఫారసు చేసిన పేజీలు అలాగే ఉన్నాయి, అర్థం ప్రకారం అవి ప్రశ్నకు సరిగ్గా అతుకుతాయి కూడా. నిషేధించిన మందుల పేర్లున్న ఖండికలను గుర్తుపెట్టి, ఫలితాల్లోంచి తీసివేయాలి లేదా పైన ఎర్రని హెచ్చరిక పెట్టాలి. అలాగే 2021లో తెలుగు రాష్ట్రాల మిరప తోటలను దెబ్బతీసిన నల్ల తామర పురుగు గురించి అంతకు ముందటి కరపత్రాల్లో ఉండదు. సేకరణలో పాత పత్రాలే ఉంటే, పూతలో నల్లని చిన్న పురుగులున్నాయని అడిగిన రైతుకు మామూలు తామర పురుగు ఖండికే సమాధానంగా వస్తుంది. అందుకే ప్రచురించిన సంవత్సరాన్ని ప్రతి ఫలితం పక్కనా పెద్ద అక్షరాల్లో చూపించండి.

పదశోధన తనకు దొరకనప్పుడు ఏమీ చూపించదు. అర్థశోధన మాత్రం ఎప్పుడూ ఏదో ఒకటి చూపిస్తుంది, ఎందుకంటే ఎంత దూరమైనా అన్నిటికంటే దగ్గరిది అంటూ ఒకటి ఉంటుంది. కనుక ఒక హద్దు పెట్టి, దానికి తక్కువ సామ్యం వచ్చినప్పుడు "మా పత్రాల్లో దీనికి సమాధానం లేదు, వ్యవసాయ అధికారిని సంప్రదించండి" అని చెప్పించాలి. ఆ హద్దు మోడల్‌ను బట్టి మారుతుంది: ఈ5 మోడళ్లలో సామ్యపు అంకెలు చాలావరకు 0.7 నుంచి 1 మధ్యనే ఉంటాయి, కనుక 0.75 వచ్చిందని సంతోషించడానికి లేదు. సమాధానం లేదని మీకు ముందే తెలిసిన ప్రశ్నలు ఓ ఇరవై అడిగి, వాటికి వచ్చే అంకెలు చూసి హద్దు నిర్ణయించండి.

ఆరో పని: పరీక్షించడం

రైతులు నిజంగా అడిగిన ప్రశ్నలు ఒక యాభై, వారి మాటల్లోనే, సరిదిద్దకుండా రాసుకోండి. ప్రతిదానికీ సరైన ఖండిక ఏదో పంట తెలిసినవారి చేత గుర్తింపజేయండి. ఆ తరువాత పదశోధన, అర్థశోధన, రెండూ కలిపినది అని మూడు విధాలుగా వెతికి, సరైన ఖండిక మొదటి ఐదు ఫలితాల్లో ఎన్నిసార్లు వచ్చిందో లెక్కించండి. ఇతరుల కొలతలను మీ సేకరణకు అన్వయించుకోవద్దు. శోధన పద్ధతులను రకరకాల రంగాల పత్రాల మీద పోల్చే, 2021లో వచ్చిన బెయిర్ పరీక్షల్లో, తమకు అలవాటు లేని రంగాల పత్రాల మీద చాలా అర్థశోధన మోడళ్లు పాత బీఎం25 కంటే వెనుకబడ్డాయి. ఖండికల కోతనో మోడల్‌నో మార్చిన ప్రతిసారీ ఇవే యాభై ప్రశ్నలను మళ్లీ అడగాలి.

వాడకం మొదలైన తరువాత ప్రశ్నలను, హద్దు దాటని ఫలితాలను అడిగినవారి పేరు, ఫోను నంబరు లేకుండా ఒక పుస్తకంలో నమోదు చేయండి. వారానికి ఒకసారి ఆ పుస్తకం తెరిస్తే కొన్ని మాటలు పర్యాయపదాల పట్టికలోకి చేరతాయి, కొన్ని ప్రశ్నలు యాభైకి జతవుతాయి, మిగిలినవి మీ సేకరణలో ఇంకా లేని కరపత్రాల జాబితా అవుతాయి. ఆ జాబితా పట్టుకొని దగ్గరలోని పరిశోధన స్థానానికో వ్యవసాయ అధికారి కార్యాలయానికో వెళ్లి అడగండి.